సారా కొట్టు నుంచి ఓటు పెట్టె దాకా: న్యూజిలాండ్‌లో బీరు, మద్యనిషేధం, ఆడవాళ్ళ ఓటు

సభలోని పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, విద్యార్థులకు నమస్కారం.

మద్యనిషేధం అనగానే మనకు నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తొస్తుంది. 1992లో సారా దుకాణం ఊళ్ళోంచి పోవాలని అక్కడి ఆడవాళ్ళు కదిలారు. ఆ కదలిక జిల్లాలు దాటింది. 1995 జనవరిలో రాష్ట్రమంతటా సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఈ కథ మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. నేనివాళ చెప్పబోయేది దానికి వందేళ్ళ ముందు న్యూజిలాండ్‌లో జరిగింది. అక్కడా ఆడవాళ్ళే ముందు నడిచారు. అయితే వాళ్ళకు అప్పటికి ఓటు లేదు. మద్యాన్ని ఆపుదామని బయల్దేరి ఓటు సంపాదించుకున్నారు. మద్యం మాత్రం ఆగలేదు. ఎందుకు ఆగలేదో, ఆ పోరాటం ఆ సమాజాన్ని ఎలా మార్చిందో కాస్త నిదానంగా చెబుతాను.

న్యూజిలాండ్‌లో మొదటి బీరు కాయించింది ఒక నౌకా కెప్టెన్. 1773లో జేమ్స్ కుక్ తన రెండో యాత్రలో దక్షిణ దీవి కొసనున్న డస్కీ సౌండ్ అనే సముద్రపు పాయలో ఓడ నిలిపాడు. నెలల తరబడి ఉప్పు మాంసం తిన్న నావికులకు చిగుళ్ళు నెత్తురోడే స్కర్వీ జబ్బు పట్టుకోకుండా చూడాలి. అక్కడి రిము చెట్ల రెమ్మలు, మానుక ఆకులు కోయించి, మరిగించి, ఓడలో ఉన్న మాల్ట్ పాకం, మొలాసిస్ కలిపి పులియబెట్టించాడు. అప్పటికి ఆ దేశంలో ఉన్నది మావోరీలు. వాళ్ళకు మత్తు పానీయమన్నదే లేదు. లోకంలో చాలా జాతులు గింజనో పండునో చెట్టు రసాన్నో పులియబెట్టుకున్నాయి, మనకు తాటికల్లు, ఈతకల్లు ఉన్నాయి. మావోరీల ఇళ్ళలోకి మాత్రం మద్యం పూర్తిగా బయటినుంచే వచ్చింది. ఈ సంగతి మనసులో ఉంచుకోండి, ముందు అవసరమవుతుంది.

ఆ తర్వాత అరవై ఏళ్ళకు ఉత్తర దీవిలో, బే ఆఫ్ ఐలాండ్స్ ఒడ్డున, కొరొరారెకా అనే రేవు బాగా పెరిగింది. ఇప్పుడు దాన్ని రస్సెల్ అంటున్నారు. తిమింగలాల వేట ఓడలు అక్కడ ఆగేవి. నెలల తరబడి సముద్రం మీద గడిపి ఒడ్డుకు దిగే మనుషులకు ఆ రేవు ఏం అమ్మేదో ఊహించుకోవచ్చు. 1835లో జోయెల్ పోలాక్ అనే వ్యాపారి అక్కడ బీరు కాచే బ్రూవరీ పెట్టాడు. అమ్మకం కోసం ఆ దేశంలో పెట్టిన మొదటి బ్రూవరీ అదేనంటారు. మరుసటి ఏడాదే తాగుడు మానాలని చెప్పే న్యూజిలాండ్ టెంపరెన్స్ సొసైటీ ఏర్పడింది. దాని నివేదికను ఎదురు ఒడ్డునున్న పైహియాలో, మిషనరీల అచ్చాఫీసులో, విలియం కొలెన్సో అచ్చువేశాడు. న్యూజిలాండ్‌లో ఇంగ్లీషులో అచ్చయిన మొదటి పుస్తకంగా చెప్పేది దాన్నే. మావోరీ పెద్దలకూ బ్రిటిష్ రాణికీ మధ్య వైతాంగి ఒప్పందం 1840లో జరిగింది. అంటే బ్రిటిష్ ప్రభుత్వం ఇంకా రాకముందే అక్కడ తాగుడు మీద తగాదా మొదలైపోయింది.

ప్రభుత్వం వచ్చాక దానికి డబ్బు కావలసి వచ్చింది. వలస ఖజానాకు పెద్ద ఆధారం దిగుమతి సుంకాలు, వాటిలో బ్రాందీ, రమ్, విస్కీల వాటా తక్కువది కాదు. 1842లో లైసెన్సుల చట్టం చేశారు. 1847లో మావోరీలకు స్పిరిట్లు అమ్మకూడదని మరో చట్టం చేశారు. 1860ల చివర్లో డునెడిన్‌లోనూ ఆక్లాండ్‌లోనూ డిస్టిలరీలకు అనుమతి ఇచ్చారు. స్థానిక విస్కీ వల్ల దిగుమతి సుంకం పడిపోతోందని తేలేసరికి, 1870ల మధ్యలో వాటిని మూయించారు. జనం తాగుడు తగ్గాలని మూసినవి కావవి, ఖజానా నిండాలని మూసినవి. 1880లో బీరు మీద కూడా సుంకం వేశారు.

మన దగ్గర పాలించిందీ ఆ సామ్రాజ్యమే. మద్రాసు ప్రెసిడెన్సీలో 1886లో ఆబ్కారీ చట్టం వచ్చింది. కల్లు గీసే చెట్టుకు పన్ను, అమ్మే దుకాణానికి పాట. గోదావరి జిల్లాలో ఒక ఊళ్ళో కల్లు దుకాణం ఉండాలో వద్దో చెప్పే హక్కు ఆ ఊరి రైతుకు లేదు. అదే 1886లో న్యూజిలాండ్‌లో మద్యాన్ని వ్యతిరేకించేవాళ్ళంతా చేరి న్యూజిలాండ్ అలయన్స్ పెట్టుకున్నారు. మాజీ ప్రధాని విలియం ఫాక్స్ దానికి మొదటి అధ్యక్షుడు. అప్పటికే 1881 చట్టం కింద, లైసెన్సులిచ్చే కమిటీలను పన్ను కట్టే పౌరులే ఎన్నుకుంటున్నారు. ఒకే రాణి పాలనలో రెండు చోట్ల రెండు పద్ధతులు! వలస వెళ్ళిన తెల్లవాడిని పౌరుడిగా చూశారు, మనల్ని పన్ను కట్టేవాళ్ళుగా మాత్రమే చూశారు. న్యూజిలాండ్ కథ విన్నప్పుడల్లా నాకు ఆ తేడా గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఇక బీరు సంగతి. 1861 మే నెలలో గేబ్రియెల్ రీడ్ అనే అతను దక్షిణ దీవిలోని ఒటాగో కొండల్లో బంగారం కనిపెట్టాడు. సుమారు 12,000 జనాభా ఉన్న ఒటాగో రెండు మూడేళ్ళలో 60,000కు చేరింది. 1848లో స్కాట్లండ్ ఫ్రీ చర్చి భక్తులు కట్టుకున్న డునెడిన్ దేశంలోకెల్లా పెద్ద నగరమైంది. పడమటి తీరాన హొకిటికా అనే బంగారపు ఊళ్ళో 1867 నాటికి దాదాపు వంద హోటళ్ళుండేవి. హోటల్ అంటే తాగే చోటు, రాత్రికి పడక దొరికే చోటు, కబుర్లు చెప్పుకునే చోటు, కొత్తగా వచ్చినవాడికి పని ఎక్కడుందో తెలిసే చోటు కూడా.

విస్కీ సీసాల్లో ఓడెక్కి వస్తుంది. బీరు బరువు ఎక్కువ, ధర తక్కువ, దూరం ప్రయాణిస్తే పాడయ్యే భయం. అందుకే ఏ ఊరికి ఆ ఊరే బ్రూవరీ పెట్టుకుంది. బార్లీని నానబెట్టి, మొలకెత్తనిచ్చి, మొలక ఎదగకముందే వేడిగాలికి ఆరబెడితే మాల్ట్ అవుతుంది. దాన్ని నలగ్గొట్టి వేడినీళ్ళలో కలిపితే గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. ఆ తియ్యటి నీళ్ళను హాప్స్ పూలతో మరిగిస్తే చేదు దిగుతుంది, నిల్వ ఉండే గుణం వస్తుంది. చల్లార్చి ఈస్టు వేస్తే పులుస్తుంది. కాంటర్‌బరీ, ఒటాగో నేలల్లో బార్లీ పండింది. నెల్సన్ లోయల్లో, 1840లలో వచ్చిన ఇంగ్లీషు, జర్మన్ కుటుంబాలు హాప్స్ తోటలు వేశాయి. 1876లో జేమ్స్ స్పైట్, చార్లెస్ గ్రీన్‌స్లేడ్, విలియం డాసన్ అనే ముగ్గురు, తాము పనిచేస్తున్న బ్రూవరీ వదిలి డునెడిన్ రాట్రే వీధిలో స్పైట్స్ మొదలుపెట్టారు. డాసన్‌కు బీరు కాయడం తెలుసు, గ్రీన్‌స్లేడ్‌కు మాల్ట్ తెలుసు, స్పైట్‌కు అమ్మడం తెలుసు. ఆ బ్రూవరీకి ఊట నీళ్ళు ఆధారం. ఇప్పటికీ దాని గోడకున్న కుళాయి దగ్గర ఊరివాళ్ళు నీళ్ళు పట్టుకెళ్తుంటారు. ఆ ముగ్గురి పనితనాన్ని నేను తక్కువ చెయ్యను. వాళ్ళు పనిమంతులు, రైతుకు కొత్త పంటలకు గిరాకీ తెచ్చారు, వందల మందికి పనిచ్చారు.

కాని ఆ గ్లాసు అవతలి వైపున ఒక కుటుంబం ఉంది. వలస సమాజంలో మగవాళ్ళు ఎక్కువ, ఇల్లూ వాకిలీ లేని కూలీలు ఎక్కువ. గొర్రెల ఉన్ని కత్తిరించేవాడు సీజన్ పని ముగించి వచ్చిన చెక్కును హోటల్ యజమాని చేతికిచ్చి, అది అయిపోయేదాకా తాగి, ఖాళీ చేతులతో మళ్ళీ కొండల్లోకి వెళ్ళడం మామూలు విషయం. పెళ్ళయినవాడైతే ఆ చెక్కు ఇంటికి చేరదు. 1884లో చట్టం మారేదాకా పెళ్ళయిన స్త్రీ సంపాదన మీద కూడా భర్తకే హక్కు. భార్య బట్టలు ఉతికి తెచ్చిన డబ్బును భర్త బారులో పోసినా ఆమె అడగడానికి లేదు. మద్యనిషేధ ఉద్యమాన్ని మతఛాందసమని కొట్టిపారేసేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. చర్చి ప్రసంగాల పాత్ర లేదనను. అయినా దాని అసలు బలం ఆ ఇంటి లెక్కల్లో ఉంది.

1885లో అమెరికా నుంచి మేరీ లెవిట్ అనే ఆవిడ వచ్చి, విమెన్స్ క్రిస్టియన్ టెంపరెన్స్ యూనియన్ శాఖలు స్థాపించింది. ఆ సంఘం వాళ్ళు పిల్లలకు మద్యం అమ్మకుండా చూడమని, బార్లలో ఆడపిల్లల్ని పెట్టుకోవద్దని పార్లమెంటుకు అర్జీ పెట్టారు. పార్లమెంటు పట్టించుకోలేదు. ఓటు లేనివాళ్ళ అర్జీ చెత్తబుట్టకే పోతుందని అప్పుడు వాళ్ళకు అర్థమైంది. క్రైస్ట్‌చర్చ్‌లో ఉండే కేట్ షెపర్డ్ 1887లో ఆ సంఘంలో ఓటు హక్కు విభాగం బాధ్యత తీసుకుంది. ఊరూరా తిరిగి, ఇంటింటికీ వెళ్ళి సంతకాలు సేకరించారు. 1891లో 9,000కు పైగా వచ్చాయి. మరుసటి ఏడు దాదాపు 20,000. 1893లో దాదాపు 32,000. అంటే తెల్లజాతి వయోజన స్త్రీలలో ఇంచుమించు నాలుగో వంతు. కాగితాలన్నీ ఒకదానికొకటి అంటించి చుట్టగా చుట్టారు. పొడవు దాదాపు 270 మీటర్లు. మాజీ ప్రధాని జాన్ హాల్ ఆ చుట్టను సభ మధ్యలో దొర్లించాడు. అది విప్పుకుంటూ వెళ్ళి అవతలి గోడకు కొట్టుకుంది.

మద్యం వ్యాపారులకు ప్రమాదం తెలిసిపోయింది. ఆడవాళ్ళకు ఓటు వస్తే మొదట మూతపడేది తమ తలుపేనని వాళ్ళ భయం. డునెడిన్ సభ్యుడు హెన్రీ ఫిష్ స్త్రీల ఓటును ఎదిరిస్తూ ఎదురు అర్జీలు తిప్పించాడు. డబ్బులిచ్చి మనుషుల్ని పెట్టి, బార్లలో సంతకాలు చేయించారు. వాటిలో దొంగ సంతకాలున్నాయని బయటపడింది. అప్పటి ప్రధాని రిచర్డ్ సెడన్ స్వయంగా కుమారా అనే బంగారపు ఊళ్ళో హోటల్ నడిపిన మనిషి. ఎగువ సభలో బిల్లు ఓడిపోయేలా ఆయన ఒక సభ్యుడిని తనవైపు తిప్పుకున్నాడు. ఆ జోక్యానికి ఒళ్ళుమండి, బిల్లును వ్యతిరేకించే ఇద్దరు సభ్యులు అనుకూలంగా ఓటేశారు. 20కి 18 ఓట్ల తేడాతో 1893 సెప్టెంబరు 8న బిల్లు గట్టెక్కింది. 19న గవర్నరు సంతకం పెట్టాడు. జాతీయ ఎన్నికల్లో స్త్రీలందరికీ ఓటిచ్చిన మొదటి స్వపరిపాలనా దేశం అదే. మావోరీ స్త్రీలకూ ఓటు వచ్చింది. నవంబరు ఎన్నికకు పది వారాలే వ్యవధి. అయినా లక్షకు పైగా ఆడవాళ్ళు పేర్లు రాయించుకున్నారు, దాదాపు 90,000 మంది ఓటేశారు.

అదే ఏడాది మద్యం అమ్మకాల చట్టం కూడా మారింది. ఇకమీదట ప్రతి నియోజకవర్గం దుకాణాల మీద ఓటు వెయ్యాలి. ఉన్నవి ఉండాలా, తగ్గించాలా, అసలు లైసెన్సులే వద్దా? వద్దనాలంటే అయిదింట మూడొంతుల మంది అనాలి. 1894 మార్చి ఓటింగులో దక్షిణాన క్లూతా నియోజకవర్గం వద్దంది. 1902లో యాష్‌బర్టన్, మటౌరా, 1905లో ఇన్వర్‌కార్గిల్, ఒమారూ, గ్రే లిన్. 1908 నాటికి మొత్తం పన్నెండయ్యాయి. ఈ పద్ధతిని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. మా ఊళ్ళో దుకాణం ఉండాలో వద్దో మా ఊరే తేల్చుకుంటుందన్నది చిన్న మాట కాదు. దూబగుంట తల్లులకు అలాంటి ఓటు చీటీ ఇచ్చి ఉంటే వాళ్ళు పాట జరిగే చోటికి వెళ్ళి అడ్డుపడాల్సిన పని ఉండేది కాదు.

దాని లోటుపాట్లూ చెప్పాలి. దుకాణం మూసినా పక్క నియోజకవర్గం నుంచి పీపాలు ఇంటికి తెప్పించుకోవచ్చు. మటౌరా పక్కనే హొకొనుయి కొండలున్నాయి. 1870లలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్‌రే కుటుంబం తమతో తెచ్చుకున్న విద్య అక్కడ పనికొచ్చింది. ఆ అడవుల్లో దొంగ విస్కీ బట్టీలు ఏళ్ళతరబడి కాగుతూనే ఉన్నాయి.

ఇంకో ప్రాంతం ఉంది. నన్నడిగితే మొత్తం కథలో అన్నిటికంటే బరువైన భాగం అదే. ఉత్తర దీవి నడుమనున్న కింగ్ కంట్రీ. బ్రిటిష్‌వాళ్ళతో యుద్ధాల తర్వాత మావోరీ రాజు అనుచరులు చేరిన ప్రాంతమది. చాలా ఏళ్ళపాటు తెల్లవాళ్ళను అడుగుపెట్టనివ్వలేదు. ప్రభుత్వానికి ఆ ప్రాంతం మీదుగా రైలు మార్గం కావాలి. 1884లో వహనుయి తదితర పెద్దలు తమ నేలమీద మద్యం అమ్మకూడదని కోరారు. రేవు పట్టణాల్లో తమవాళ్ళకు తాగుడు ఏం చేసిందో వాళ్ళు చూశారు. ప్రభుత్వం ఆ ఏడాది చివర్లో నిషేధం ప్రకటించింది. 1885 ఏప్రిల్‌లో రైలు మార్గానికి తొలి మట్టి తవ్వింది ఆ వహనుయే. తర్వాత రైలు వెంట తెల్లవాళ్ళు వచ్చి స్థిరపడ్డారు, వాళ్ళ సంఖ్య పెరిగింది, బార్లు కావాలన్నారు. ఇది రైలుకు బదులుగా ఇచ్చిన మాట అని మావోరీ పెద్దలు దశాబ్దాలపాటు గుర్తుచేస్తూ వచ్చారు. చివరికి 1954 ఓటింగులో ఆ నిషేధం పోయింది. 1847 చట్టం మావోరీలను పిల్లలుగా చూసి ఆపింది. 1884లో వాళ్ళు పెద్దలుగా నిలబడి తమ నేలకు తామే నియమం పెట్టుకున్నారు. ఈ రెండూ ఒకటి కావు. మావోరీలకు మద్యం విషయంలో వేరే చట్టం అన్న వివక్ష 1948లో గాని పోలేదు.

మళ్ళీ జాతీయ రంగానికి వద్దాం. 1911లో దేశమంతటా నిషేధం కావాలా అని అడిగితే దాదాపు 56 శాతం కావాలన్నారు. చట్టం 60 శాతం అడిగింది కాబట్టి ఓడిపోయింది. అంతలో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1916లో ఒకరికొకరు మద్యం కొనిపెట్టడాన్ని నిషేధించారు. 1917 డిసెంబరు నుంచి బార్లు సాయంత్రం ఆరింటికే మూసెయ్యాలన్నారు. 1919 ఏప్రిల్ 10న ప్రత్యేక ఓటింగు పెట్టారు. ఈసారి సగానికి ఒక్క ఓటు ఎక్కువొచ్చినా చాలు. దేశంలో పడిన ఓట్లు లెక్కపెడితే నిషేధం దాదాపు 14,000 ఆధిక్యంలో ఉంది. తర్వాత సముద్రం అవతలున్న సైనికుల ఓట్లు లెక్కకొచ్చాయి. నిషేధానికి 7,723, వద్దని 31,981. అంతే, 10,362 ఓట్ల తేడాతో నిషేధం ఓడిపోయింది. అదే డిసెంబరులో మళ్ళీ ఓటింగు జరిగితే 49.7 శాతం వచ్చింది. ఈసారి చీటీ మీద ప్రభుత్వ అజమాయిషీ అనే మూడో దారి కూడా ఉంది. నాలుగేళ్ళు కందకాల్లో చావు మధ్య బతికిన కుర్రాళ్ళు, మేం లేనప్పుడు ఇంటి దగ్గర మా గ్లాసు లాక్కుంటారా అనుకుని ఉంటే నేను తప్పుపట్టలేను. ఆ ఏడాదంతా ఇంటిల్లిపాదినీ ఒంటిచేత్తో నెట్టుకొచ్చిన తల్లుల ఆశ ఆ లెక్కలో కొట్టుకుపోవడమూ నాకు బాధే.

నిషేధం రాలేదు గాని ఆరింటి మూత మిగిలింది. యుద్ధకాలపు తాత్కాలిక ఏర్పాటన్నది 1918లో శాశ్వతమైంది. యాభై ఏళ్ళు నడిచింది. అయిదింటికి పని వదిలిన మగవాళ్ళు ఒక్క గంటలో తాగాల్సినంతా తాగాలి. బార్లలో కుర్చీలు తీసేశారు. నిలబడి తాగేందుకు వీలుగా, కడిగితే పోయేలా నేలా గోడలూ మార్చారు. గ్లాసులు వరసగా పెట్టి రబ్బరు గొట్టంతో బీరు పట్టేవాళ్ళు. పాట లేదు, ఆట లేదు, ఆడవాళ్ళు రారు. 1910 చట్టం కొత్తగా బారు పనిలో ఆడవాళ్ళను చేర్చుకోవడాన్ని కూడా ఆపింది, అది 1961 దాకా ఉంది. తాగుడు తగ్గాలని పెట్టిన నియమం కుటుంబంతో కలిసి కూర్చునే అలవాటును చంపి, గబగబా మింగే అలవాటును పెంచింది. మద్యనిషేధాన్ని కోరేవాళ్ళంతా ఈ అధ్యాయం తప్పకుండా చదవాలని నా విన్నపం. గడియారాన్ని మార్చినంత మాత్రాన కూలి డబ్బు ఇంటికి చేరదు.

ఈ ఆంక్షలన్నిటివల్ల బాగా లాభపడింది పెద్ద బ్రూవరీలు. కొత్త లైసెన్సులు రావు కాబట్టి ఉన్న లైసెన్సుకు విలువ పెరిగింది. డబ్బున్న బ్రూవరీ హోటళ్ళను కొని, అక్కడ తన బీరే అమ్మించింది. చిన్నవి నిలవలేకపోయాయి. నిషేధం వస్తుందేమోనన్న భయమూ ఉంది. 1923లో స్పైట్స్ సహా పది బ్రూవరీలు కలిసి న్యూజిలాండ్ బ్రూవరీస్ అయ్యాయి. 1930లో డొమినియన్ బ్రూవరీస్ వచ్చింది. ఆ తర్వాత దేశంలో బీరంటే చాలావరకు ఆ రెండు సంస్థలదే. ఊరికో రుచి ఉన్న రోజులు పోయాయి.

ఇన్వర్‌కార్గిల్ మాత్రం మరో దారి తొక్కింది. 1905లో వద్దన్న దుకాణాల్ని 1943 ఓటింగులో తిరిగి తెరవమన్నారు. అప్పుడూ సైనికుల ఓట్లే తేల్చాయి. కాని హోటళ్ళను బ్రూవరీల చేతికి ఇవ్వలేదు. 1944లో ఊరి తరఫున ఒక ట్రస్టు పెట్టారు. దాని సభ్యుల్ని ఓటర్లే ఎన్నుకుంటారు. మద్యం మీద వచ్చే లాభం బడులకు, ఆటస్థలాలకు, ఊరి అవసరాలకు వెళ్తుంది. ఈ ట్రస్టు ఇప్పటికీ నడుస్తోంది. ఎవడో ఒకడు అమ్మక తప్పదంటే ఆ లాభం ఎవరి జేబులోకి వెళ్ళాలో ఊరు తేల్చుకోవచ్చన్నమాట. మన రాష్ట్రాల్లో మద్యం ఆదాయం గురించి ఏటా వాదించుకుంటాం, ఈ పద్ధతి గురించి మాట్లాడుకోవడం నేను వినలేదు.

1967లో జనం ఓటేసి ఆరింటి మూతను ఎత్తేసి రాత్రి పదింటికి మార్చుకున్నారు. ఆక్లాండ్‌లో కొన్ని పేటలు మాత్రం 1990ల చివరిదాకా లైసెన్సులు వద్దనే ఉన్నాయి. జాతీయ నిషేధం మీద ఓటు దాదాపు ప్రతి సాధారణ ఎన్నికతోపాటూ 1987 దాకా జరిగింది, 1989 చట్టం దాన్ని రద్దు చేసింది. స్త్రీలకు పార్లమెంటుకు పోటీ చేసే హక్కు 1919లో వచ్చింది. 1933లో గెలిచి సభలోకి వెళ్ళిన మొదటి మహిళ ఎలిజబెత్ మెకూంబ్స్ యౌవనం నుంచీ మద్యనిషేధ ఉద్యమంలో పనిచేసిన మనిషి. బహిరంగ సభలో నిలబడి మాట్లాడటం, లెక్కలు చెప్పి ఒప్పించడం, ఓటు అడగడం ఆ తరం ఆడవాళ్ళు నేర్చుకున్నది ఆ ఉద్యమంలోనే. ప్రశ్నలున్నవాళ్ళు అడగండి, ముఖ్యంగా నెల్లూరు ఉద్యమాన్ని దగ్గరగా చూసినవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ మాట వినాలని నాకుంది.